దీపం కాడ ఓబులేసు

ఓబులేసుకు ఏ పనీ సగం దాటేది కాదు.

తండ్రి మగ్గం మీద కూర్చోబెడితే చీర సగం దాకా నేసి, దారం తెగిందన్న వంకతో లేచిపోయాడు. ఆ దారం నేటికీ ఎవరూ అతకలేదు. గానుగ దగ్గర పెడితే ఎద్దు కంటే ముందు తానే అలిసిపోయాడు. తమలపాకు తోటకు నీళ్ళు కట్టమని పంపితే, మడి నిండి నీళ్ళు పక్క చేలోకి పొర్లుతుంటే, ఇతను గట్టున కూర్చుని ఊసరవెల్లి రంగు మారుతుందా లేదా అని చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. "నిదానమే ప్రధానం నాయనా" అని చెప్పని మనిషి ఊళ్ళో లేడు. నిదానం అంగట్లో దొరికేదైతే ఓబులేసు అందరికంటే ముందు పరిగెత్తి తెచ్చుకునేవాడే.

అది సోమరితనం కాదని అతనొక్కడికే తెలుసు. ఊరికే ఒకచోట కూర్చోవలసి వస్తే విసుగు అతనికి ఒంట్లో పుట్టేది. మోకాళ్ళలో మొదలై, పొట్టలోకి పాకి, గొంతు దాకా వచ్చేది. అప్పుడు లేవకపోతే ఏడుపొచ్చేది. చెబితే నవ్వుతారని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చివరికి మౌలాలి సాయిబు దగ్గరికి వచ్చాడు.

మౌలాలి సాయిబు ఫకీరు. నల్లమల అంచున ఒక రాతి గుడిసెలో ఉండేవాడు. తాయెత్తులు కట్టడు, జోస్యం చెప్పడు. ఎండాకాలం వస్తే ఊరూరా తిరిగి పూడిపోయిన బావుల్లో పూడిక తీసేవాడు. ఆయన దగ్గర చేరినవాళ్ళకూ అదే పని, అదే చదువు. పెద్ద శిష్యుడు దస్తగిరి పదేళ్ళుగా ఆయన వెంట ఉన్నాడు. బావిలోకి దిగేది అతనే.

"సాయిబూ, నా మనసు నిలబడదు. నిలబెట్టే మంత్రం ఏదన్నా ఉంటే చెప్పండి" అన్నాడు ఓబులేసు వచ్చిన రోజే.

సాయిబు అతని చేతిలో ఒక ఇనుప గిన్నె పెట్టాడు. అందులో ఆముదం, లావుపాటి ఒత్తి ఉన్నాయి.

"బాయిలో దీపం చూడు."

"అంతేనా?"

"అంతే."

పాతబావిలో అడుగున చెడ్డగాలి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బురద కదిపితే ఎక్కడినుంచో పైకొస్తుంది. లోపల తవ్వేవాడికి తెలిసేలోపే కాళ్ళు పడిపోతాయి. అందుకని వేరే తాడుకు దీపం కట్టి, తవ్వేవాడి నడుం ఎత్తున వేలాడదీస్తారు. మంట చిన్నదైందంటే గాలి చెడుతోందని గుర్తు. గట్టుమీద ఒకడు కూర్చుని ఆ దీపాన్ని చూస్తూ ఉండాలి. మంట తగ్గగానే కేకేస్తే, తవ్వేవాడి చంకల కింద కట్టిన మోకును నలుగురూ పట్టి పైకి లాగుతారు. చూసేవాడికి ఇంకే పనీ ఉండదు. పొద్దున్నుంచి పొద్దువాటారే దాకా మినపగింజంత వెలుగును చూస్తూ కూర్చోవడమే.

ఓబులేసుకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేసి ఉండరు.

మొదటి మూడు బావులూ గడిచిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ మూడింటి దగ్గరా అతని చూపు దీపం మీద ఉన్నది తక్కువ, ఊరిమీద ఉన్నది ఎక్కువ. ఉలిక్కిపడి తిరిగి చూసిన ప్రతిసారీ దీపం వెలుగుతూనే ఉంది. గుండె కాసేపు దడదడలాడేది, తర్వాత సర్దుకునేది. చూడకపోయినా అది వెలుగుతూనే ఉంటుంది గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. సాయిబుకు మాత్రం చెప్పలేదు.

నాలుగోది నల్లదొడ్డి బావి. ఊరికంతా అదొక్కటే. ఎనిమిది నిలువుల లోతు. పూడిక పడి ఊట మూసుకుపోయింది. ఆడవాళ్ళు క్రోసెడు దూరం నడిచి వాగులో చెలమ తోడుకుని, ముంతతో కడవలు నింపుకుని వస్తున్నారు. ఇంకో పది రోజులు పోతే చెలమ కూడా ఎండుతుంది.

రెండో రోజు, పొద్దు నడినెత్తికి వస్తుండగా, ఓబులేసు కూర్చున్న గట్టుమీదికి చీమలు చచ్చిన కందిరీగను లాక్కొచ్చాయి. రాతి పగులు దగ్గర ఆగిపోయాయి. పాపం అనిపించి అతను ఒక పుల్ల తీసి పగులు మీద అడ్డంగా పెట్టాడు. చీమలు ఎక్కలేదు. పుల్ల తిప్పి పెట్టాడు. రెండు ఎక్కాయి, మిగతావి కిందికి దిగాయి. ఒక్క క్షణమే గదా అనుకున్నాడు. క్షణానికీ గడియకూ తేడా అతనికి ఏనాడూ తెలిసేది కాదు.

తల తిప్పి చూస్తే బావి నల్లగా ఉంది.

"దీపం లేదు! లాగండి! లాగండి!"

దస్తగిరి పైకి వచ్చాడు. తల వేలాడుతోంది. నేరేడుపళ్ళు తిన్నట్టు పెదాలు నల్లబడ్డాయి. సాయిబు అతన్ని నేలమీద పడుకోబెట్టి, రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి ఒత్తాడు, మొహాన నీళ్ళు కొట్టాడు, మళ్ళీ ఒత్తాడు. ఓబులేసు గట్టు దగ్గరే గొంతు కూర్చుని ఒత్తుతున్న ఆ చేతులనే చూస్తున్నాడు. చాలాసేపటికి దస్తగిరి గొంతులో గుర్రుమని చప్పుడైంది. ఊపిరి తిరిగింది.

సాయిబు లేచి ఓబులేసు దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడు ఆరింది?"

ఎన్ని అబద్ధాలైనా నోటికి వచ్చాయి. కానీ దస్తగిరి దగ్గు వినిపిస్తోంది.

"తెలీదు" అన్నాడు ఓబులేసు.

సాయిబు తిట్టలేదు. తిట్టి ఉంటే ఓబులేసుకు కాస్త ఊపిరాడేది.

మర్నాడు పొద్దు పొడవకముందే ఓబులేసు పంచె, చెంబు మూటగట్టుకుని బయల్దేరాడు. తెల్లవార్లూ కళ్ళు మూయలేదు. మూస్తే ఆ నల్లటి బావి కనిపిస్తోంది. ఊరి దారిలో సాయిబు ఒక రాయిమీద కూర్చుని అరికాల్లో ముల్లు తీసుకుంటున్నాడు.

"యాడికి?"

"పోతాండా సాయిబూ. నేను మీకాడ ఉంటే ఎవరో ఒకరు సస్తారు."

"సరే పో." సాయిబు ముల్లు తీసి పారేసి లేచాడు. "పోయేముందు ఆ మోకు చుట్ట మోసుకోని బాయికాడ ఏసిపో. నాకు నడుం పట్టేసింది."

ఆ మాత్రం చేయనంటే ఏం బాగుంటుంది? ఓబులేసు మోకు భుజాన వేసుకుని ఆయన వెనక నడిచాడు.

బావి దగ్గర అప్పటికే ఊరివాళ్ళు నలుగురు గిలక పక్కన నిలబడ్డారు. దస్తగిరి కూడా ఉన్నాడు. మొహం ఇంకా పాలిపోయే ఉంది. గట్టుకు అవతల రాతికి ఆనుకుని, తలకు తుండు చుట్టుకుని కూర్చున్నాడు. సాయిబు చొక్కా విప్పి, మోకు చంకల కింద కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మీరు దిగుతారా?" అన్నాడు ఓబులేసు.

"దస్తగిరి దిగలేడు గదా. ఊట కన్ను ఇంకో మూరెడు కింద ఉంటాది."

"మరి దీపం?"

సాయిబు ఇనుప గిన్నె తీసి అతని చేతిలో పెట్టాడు.

ఊరి పెద్దమ్మ సుంకమ్మ కడవ కింద పెట్టి ముందుకు వచ్చింది. ఆమె మాటంటే ఆ ఊళ్ళో మగవాళ్ళకు కూడా భయమే.

"ఏం సాయిబూ, మతి ఉండే చేస్తాండావా? నిన్న ఒకన్ని సంపినంత పని చేసినోన్ని మళ్ళా దీపం కాడ కూర్చోబెడతావా? మాకు నీళ్ళు లేకపోతే లేకపాయ. నేను చూస్తా దీపం."

"నువ్వు బాగా చూస్తావు సుంకమ్మా. నాకు తెలుసు" అన్నాడు సాయిబు. "అయితే దిగేది నేను. ఎవరు చూడాల్నో నేను చెప్తా."

ఓబులేసు ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "నన్ను దింపండి సాయిబూ. నేను తవ్వుతా. సచ్చినా నేనే సస్తా."

"దిగేదానికి ధైర్యం ఉంటే సాలు. అది నీకుంది. నీకు రానిది పైన పని. అదే నేర్చుకో."

వేరే దారి లేదని తెలిశాక ఓబులేసు మూటలోంచి పంచె తీశాడు. ఒక కొస తన నడుముకు, రెండో కొస గిలక స్తంభానికి ముడేసి బిగించాడు. ఇంక లేవలేడు. కళ్ళార్పకుండా చూస్తానని దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాడు.

సాయిబు అది చూసి, ఒక కాలు బావిలో పెట్టినవాడల్లా వెనక్కి వచ్చి ముడి విప్పేశాడు.

"కట్టేస్తే గొడ్డు యాడికీ పోదు. దాని మనసు మాత్రం మేతకు పోయింటాది. తిరుగు నాయనా. గట్టు సుట్టూ తిరుగు. దీపం ఏ పక్కనుంచైనా కనపడతాది. చూసినప్పుడంతా 'ఉంది' అని కేకెయ్. నాకు ఇనపడాల."

తర్వాత దస్తగిరి దగ్గరికి వెళ్ళి వంగి, చెవిలో ఏదో చెప్పాడు. దస్తగిరి తలూపాడు. సాయిబు బావిలోకి దిగిపోయాడు.

ఓబులేసు ఆయన వెంటే దీపం దించి, దాని తాడు గిలక స్తంభానికి కట్టి తిరగడం మొదలుపెట్టాడు.

"ఉంది!"

"ఊఁ" అని అడుగునుంచి జవాబు.

అవతల కూర్చున్న దస్తగిరి బావి వైపు చూడటం లేదు. ఓబులేసు మొహమే చూస్తున్నాడు. అతని ఒళ్ళో గుప్పెడు గులకరాళ్ళు, పక్కన ఒక ఇత్తడి చెంబు ఉన్నాయి. నిన్న తన వల్ల చావు దాకా పోయి వచ్చిన మనిషి కళ్ళు తన కళ్ళమీదే ఉండేసరికి ఓబులేసు గబగబా చూపు దీపం మీదికి తిప్పుకున్నాడు.

మొదటి గడియంతా భయమే కాపలా కాసింది. మంట కొంచెం ఊగినా ప్రాణం గొంతులోకి వచ్చేది. బొక్కెనలో బురద పైకి వస్తోంది, గిలక కీచుమంటోంది, బురద ఒంపి బొక్కెన మళ్ళీ దించుతున్నారు. ఉంది. ఊఁ. ఉంది. ఊఁ.

తర్వాత జరిగినదే ఓబులేసును అన్నిటికంటే భయపెట్టింది. భయం పాతబడింది. మోకాళ్ళలో ఆ తెలిసిన నొప్పి మొదలైంది. కింద గురువు ప్రాణం వేలాడుతోంది, నిన్నటి శవంలాంటి మొహం ఎదురుగా కూర్చుని ఉంది, అయినా తనకు విసుగొస్తోంది. ఛీ, నేను మనిషినేనా అనుకున్నాడు. తనమీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

అలా అనుకుంటూనే, సుంకమ్మ కడవకు చుట్టిన తడిగుడ్డ మీద వాలిన పిచ్చుకను చూశాడు. దాని ముక్కుకు ఏదో అంటుకుంది. ఏమిటది?

ఉలిక్కిపడి తిరిగాడు. "ఉంది!"

టక్.

దస్తగిరి చెంబులో రాయి పడింది.

లెక్క పెడుతున్నాడన్నమాట. తన తప్పులు ఒక్కొక్కటీ చెంబులో వేస్తున్నాడు. సాయిబు చెవిలో చెప్పింది ఇదేనన్నమాట. సాయంత్రం ఊరందరి ముందూ చెంబు ఒంపుతారు.

ఇంకో రెండు చుట్లు తిరిగాడు. మోకు లాగేవాడి మోచేతి మీద పచ్చబొట్టు తేలా, ఎండ్రకాయా? ఉలికిపాటు. "ఉంది!" టక్. ఎండలో గట్టు రాయి ఒకటి మిగతావాటికంటే తెల్లగా ఎందుకుంది? "ఉంది!" టక్. చెంబులో చప్పుడు మొదట గలగలమనేది, రాళ్ళు నిండేకొద్దీ మొద్దుబారింది. ఇరవైదాకా వినిపించాయి. తర్వాత లెక్క కూడా తప్పిపోయాడు. ఎన్నిసార్లు పోతోంది నా మనసు? ఇన్నిసార్లా? ఇన్నాళ్ళూ ఇన్నిసార్లే పోయేదా? మంటను చూడలేకపోతున్నందుకు ఏడుపొచ్చింది, కన్నీళ్ళు వస్తే మంట కనిపించదని భయమేసి ముంజేత్తో తుడుచుకున్నాడు.

"చూడు సామీ, చూడు" అంది సుంకమ్మ పళ్ళు బిగించి. ఆమె కడవ ఎత్తుకుని పోవలసిన మనిషి, కాలు కదపలేక అక్కడే నిలబడిపోయింది.

పొద్దు కాస్త పడమటికి వాలింది. గిలక కీచు ఇప్పుడు మారినట్టనిపించింది. ఇందాక ఒకటే కూత, ఇప్పుడు మధ్యలో విరిగి రెండు కూతలు. ఇరుసు అరిగిందేమో. ఇరుసుకు తోలుముక్క చుట్టి ఆముదం పెడితే కూత ఆగుతుందా? మేకతోలు పనికిరాదు, పలచన. ఎద్దుతోలైతే, దాన్ని ముందు నానబెట్టి,

"ఉంది" అంది అతని నోరు.

"ఊఁ" అంది బావి.

ఓబులేసు కాళ్ళు ఆగిపోయాయి. ఉంది అన్నాడు. చూడలేదు. నోరు దానంతట అదే అనేసింది. కళ్ళు గిలక మీదే ఉన్నాయి.

బావిలోకి వంగాడు. మంట ఆవగింజంత అయింది. చుట్టూ నీలంగా ఉంది.

"లాగండి! గాలి చెడింది! లాగండి!"

నలుగురూ మోకు మీద పడ్డారు. ఓబులేసు కూడా పట్టుకున్నాడు. కూర్చోలేక కూర్చున్న దస్తగిరి ఎప్పుడు లేచాడో, అతనూ వచ్చి పట్టుకున్నాడు. సగం లాగేసరికి అడుగున దీపం ఆరిపోయింది. సాయిబు తల గట్టుకు తగిలింది, సుంకమ్మ ఆయన జబ్బ పట్టి ఇవతలికి ఈడ్చింది. ఆయన బోర్లా పడి దగ్గాడు, దగ్గి దగ్గి, చివరకు లేచి కూర్చున్నాడు.

మోకాళ్ళ దాకా తడి ఉంది. బురద కాదు, నీళ్ళు.

"కన్ను తెరుచుకుంది" అన్నాడు. "నీళ్ళు తోసుకొస్తాంటే చెడ్డగాలీ వచ్చింది."

సుంకమ్మ బావిలోకి తొంగి చూసి ఏడ్చేసింది. మోకు లాగినవాళ్ళు చంకలు గుద్దుకున్నారు. ఓబులేసు ఒక్కడే నేలమీద కూలబడిపోయాడు.

"చూడకుండానే ఉంది అన్నా సాయిబూ" అన్నాడు. "ఆ కీచు ఇంటా మనసు గిలక మీదికి పాయ. నోరు అబద్ధం చెప్పె. ఇంకొంచెం సేపైతే మిమ్మల్ని సంపేసినోన్ని. ఇదొక్కసారే కాదు. పొద్దున్నుంచీ పోతానే ఉంది. ఎన్నిసార్లు పోయిందో దస్తగిరన్న చెంబులోనే ఉంది, సూసుకోండి. నన్ను పంపించేయండి."

సుంకమ్మ ఏడుపు ఆపి తిరిగింది. ఏదో అనబోయి, సాయిబు చెయ్యెత్తితే ఆగింది.

సాయిబు చెంబు తెప్పించుకుని గట్టుమీద బోర్లించాడు. నల్లరాతి మీద గులకరాళ్ళు కుప్పగా పడ్డాయి. యాభై ఉంటాయో, అరవై ఉంటాయో.

"ఎప్పుడెప్పుడు ఏసినావు దస్తగిరీ?"

"మీరు చెప్పినట్టే" అన్నాడు దస్తగిరి. "వీడి మనసు పోయినప్పుడు కాదు. తిరిగొచ్చి దీపం చూసినప్పుడు, ఒక్కొక్కటి."

ఓబులేసు తలెత్తాడు.

దస్తగిరి గుప్పిట విప్పాడు. అరిచేతిలో ఇంకో రాయి ఉంది. మోకు ఒరిపిడికి చర్మం లేచి, దానికి కొంచెం రక్తం అంటుకుంది. "ఇది ఆఖరుది. లాగే తొందరలో ఏయలేకపోయినా" అని, దాన్ని కుప్పలో వేయకుండా ఓబులేసు చేతిలో పెట్టాడు. "నిన్నటిదొకటి ఏసుకో దీంతో. నిన్న నువ్వు తిరిగి చూడకపోయింటే నేనీ రాళ్ళు ఏసేదానికి ఉండేటోన్నే కాదు."

ఓబులేసు గుప్పిట మూశాడు. రాయిని పట్టుకుని, ఆ కుప్పను చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపు చూశాడో అతనికి తెలియదు. ఎవరూ పిలవలేదు.

అడుగున నీళ్ళు ఊరుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. సుంకమ్మ కడవ ఎత్తి చంకన పెట్టుకుంది, మళ్ళీ దింపింది. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. కుదరకపోవడంలో తప్పు లేదు.

"బాయి లోపలి గోడకు ఒర రాళ్ళు సర్దే పని ఇంకా మిగిలుండాది గదా సాయిబూ. రేపు దీపం కాడ ఎవరు?"

సాయిబు తడిపంచె పిండుకుంటూ అన్నాడు:

"మనసు పోనోడు యాడన్నా దొరికితే తీసుకురా సుంకమ్మా. అంతదాకా తిరిగొచ్చేటోడే కూర్చుంటాడు."